పావంగుళం కుడికి

వారం కిందట ఏం తిన్నామో మనకే గుర్తుండదు, పోయిన వారం చెప్పిన నా దవడ గొడవ మీకు గుర్తుండాలని పట్టుబట్టడం న్యాయం కాదు. కాబట్టి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. వచ్చే గురువారం నాకు ఆపరేషను. పై దవడా కింది దవడా రెండూ కోసి, కుడివైపుకి ఒరిగిన నా గడ్డాన్ని మధ్యకు తెచ్చి, రేకులూ మరలూ పెట్టి బిగిస్తారు. దానికోసం రెండేళ్ళుగా పళ్ళకు తీగలు కట్టించుకుని తిరుగుతున్నాను. ముప్పై నాలుగేళ్ళొచ్చాక తీగలేమిటని అడిగినవాళ్ళకి "రేడియో బాగా అందుతుంది" అని చెప్పి పంపించేశాను. పోయిన వారం, అన్నీ సిద్ధమయ్యాక, డాక్టరు నా గడ్డం కింద ఉన్న చిన్న మచ్చ చూసి ఇదేమిటన్నాడు. చిన్నప్పుడు పిల్లి గీరిందన్నాను. మా ఇంట్లో అందరూ చెప్పే మాటే అది. ఆయన స్కాను వంకా మచ్చ వంకా మార్చి మార్చి చూసి, "ఎప్పుడైనా గడ్డం మీద పడ్డారా?" అని అడిగాడు. నా నోరు రెండు వేళ్ళ వెడల్పుకు మించి తెరుచుకోదు కాబట్టి నాకంటే ముందు ఎవరైనా మాట్లాడగలరు. పక్కన కూర్చున్న మా అక్క, "లేదు డాక్టర్, పుట్టుకతోనే ఇంతే" అంది.

ఆ డాక్టరు ఏ మాటకైనా ముందు "నిదానంగా" అంటాడు. మా ఇంట్లో ఆయన్ని నిదానం డాక్టరు అనే అంటాం.

"నిదానంగా వినండి," అన్నాడు. "కుడి చెవి ముందు, దవడ తలుపు బందులా తిరిగే చోట ఎముక పొట్టిగా ఉంది. చిన్నప్పుడు విరిగి ఉంటే అది ఎప్పుడో ముగిసిపోయిన కథ, గురువారం నిశ్చింతగా చేసేస్తాం. విరగకుండా దానంతటదే అరుగుతుంటే మాత్రం ఇంకా అరుగుతుంది. ఇప్పుడు మధ్యకు తెచ్చినా మళ్ళీ పక్కకి పోతుంది. అలాంటప్పుడు కనీసం ఏడాది ఆగి చూడాలి. స్కానులో రెండూ ఒకేలా ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. శుక్రవారం సాయంత్రం ఐదింటికి మేమంతా కూర్చుని తేలుస్తాం, ఆలోగా ఫోన్ చెయ్యండి."

అక్కడ ఆపాను పోయిన వారం. ఇవాళే ఆ శుక్రవారం. మధ్యాహ్నం రెండు దాటింది.

ఏడాది ఆగడమంటే ఏమిటో కూడా చెప్పాలి. ఆపరేషనయ్యాక ఎక్కడ ఉండాలో అక్కడికి పళ్ళని తీగలు ముందే జరిపేశాయి. దాంతో ఇప్పుడు నా పై పళ్ళకీ కింది పళ్ళకీ మాటల్లేవు. ఎడమవైపు వెనక రెండు దంతాలు మాత్రం కలుస్తాయి. తిండి అంతా ఆ రెండింటి మీదే నడుస్తోంది. ఇంకో ఏడాది ఇలాగే అనుకుంటే ఎవరికైనా ఏడుపొస్తుంది. నాకు రాలేదు. ఈ మధ్య నాకు ఏదీ సమయానికి రావడం లేదు. సోమవారం ఆసుపత్రిలో నర్సు నా కింది పెదవిని దూదితో ఒకసారి, సూదితో ఒకసారి తాకి "తెలుస్తోందా? ఇది తెలుస్తోందా?" అని అడిగి కాగితం మీద గుర్తులు పెట్టుకుంది. ఆపరేషను తర్వాత ఆ పెదవికి స్పర్శ పోవచ్చట, కొందరికి తిరిగి రాకపోవచ్చట. ముందెంత ఉందో రాసుకుంటే తర్వాత ఎంత పోయిందో తెలుస్తుంది. ఆ అంగీకార పత్రం మీద, కొట్టులో రసీదు మీద పెట్టినట్టే సంతకం పెట్టేశాను. పెదవికి అన్నీ తెలుస్తూనే ఉన్నాయి, తెలియకుండా పోయింది నాకే.

మాది దర్జీ కొట్టు. వీధి మలుపులో పొడుగాటి గది, రెండు మిషన్లు, ఇస్త్రీ బల్ల, ట్రయలు అద్దం, మధ్యలో నడుమెత్తు కటింగ్ బల్ల. గోడ నిండా మేకులకి ఖాకీ కాగితాలు వేలాడుతుంటాయి. ఒక్కో ఖాతాదారుకి ఒక్కో కట్ట. ఆ కాగితాన్ని బట్ట మీద పరిచి, సుద్దతో గీసి కోస్తాం. నాన్నని వీధంతా మాస్టారంటుంది. కళ్ళకి పొరలొచ్చి ఏడాది కిందట కత్తెర నాకిచ్చేశాడు, ఇప్పుడు ఇస్త్రీ చూసుకుంటాడు. గుమ్మం పక్కన పీట మీద గుండీల పిన్ని కూర్చుంటుంది. చుట్టమేం కాదు. ముప్పై రెండేళ్ళుగా మా కొట్టులో గుండీలు కుట్టీ కుట్టీ పిన్ని అయిపోయింది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి.

ఆసుపత్రి వాళ్ళు ఒక జాబితా ఇచ్చారు. ముందు గుండీలున్న చొక్కాలు నాలుగు, ఎందుకంటే తల మీంచి దూర్చుకునేవి ఆరు వారాలు పనికిరావు. సన్న గొట్టమున్న సిరంజి, పళ్ళ మధ్య సందులోంచి జావా పళ్ళరసం పోసుకోవడానికి. ఒక చిన్న కత్తెర, ఎప్పుడూ మెడలో వేలాడుతూ ఉండాలి. వాంతి వస్తే దవడల్ని కట్టి ఉంచే రబ్బర్లు తక్షణం కోసెయ్యాలట. దారాలు తెంపే కత్తెర ఎప్పుడూ నా మెడలోనే ఉంటుంది కాబట్టి, జాబితాలో నా దగ్గర ముందే ఉన్నది అదొక్కటే. సిరంజి తెచ్చి ఎలా పట్టాలో సాధన చేయించడానికి నాలుగింటికి అక్క వస్తానంది. ఆపరేషనయ్యాక బడికి సెలవు పెట్టి నాకు తిండి పట్టేది తనే.

చొక్కాలు ఇక నేను కత్తిరించుకోవాలి.

"ఆరు వారాలు నోరు కట్టేస్తారటగా అమ్మాయ్," అంది గుండీల పిన్ని సూదిలో దారం ఎక్కిస్తూ. "కొట్టు ప్రశాంతంగా ఉంటుంది."

"డాక్టరుకి నీ నోటి సంగతి కూడా చెప్పనా పిన్నీ, ఒకే ఖర్చులో అయిపోతుంది."

"నా నోరు కట్టే డాక్టరు ఇంకా పుట్టలేదులే."

ఇక్కడ మీకో విషయం చెప్పాలి. మా కొట్టులో ఎవరి బట్ట వాళ్ళు కత్తిరించుకోకూడదు. నాన్న పెట్టిన నియమం. తన కొలత తాను తీసుకుంటే టేపు కూడా అబద్ధం చెబుతుందంటాడు. అందుకని నేను పన్నెండేళ్ళుగా ఊరందరికీ కత్తిరిస్తున్నా నా చొక్కాలు మాత్రం ఆయనే కత్తిరించేవాడు. కళ్ళు మసకబారాక నేను కొత్త చొక్కా కుట్టుకోనే లేదు. రెడీమేడ్లు నాకు నప్పవు. వేసుకుంటే ముఖమంతా పక్కకి పోయినట్టుంటుంది. రెడీమేడోళ్ళకి కాలరు పెట్టడం రాదని ఇంట్లో అందరం ఏకగ్రీవంగా తీర్మానించి ఊరుకున్నాం.

నా కాగితాలు గోడ మీద ఉండవు, అటక మీద రేకు పెట్టెలో ఉంటాయి. నిచ్చెన జరిపాను.

"ఎందుకమ్మా ఎక్కడం," అన్నాడు నాన్న, ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి. "పాతవి పనికిరావు. కొత్తగా గీసుకో. లేకపోతే ఆగు, నేను తీస్తా."

"నీ కళ్ళతో నువ్వు నిచ్చెనెక్కితే గురువారం ఇద్దరం ఒకే వార్డులో ఉంటాం."

ఆయన నవ్వలేదు. మామూలుగా నా జోకులకి మొదట నవ్వేది ఆయనే.

పెట్టె దించి బల్ల మీద పెట్టాను. ఒక్కో పుట్టినరోజుకీ ఒక కట్ట, పైన పెన్సిలుతో "మూడో ఏడు", "నాలుగో ఏడు" అని రాసి, బట్ట పీలికతో కట్టి ఉంది. చివరి కట్ట చాలు నాకు. కానీ చిన్నప్పటి గౌన్లు చూడాలనిపించి అన్నీ విప్పాను.

దర్జీ పని తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. మేము ఎవరికైనా సగం కాగితమే గీస్తాం. బట్ట మడత పెట్టి కోస్తే రెండో సగం దానంతటదే వస్తుంది. మనిషి కుడి ఎడమలు సమానమని నమ్మితేనే ఈ పని సాగుతుంది. నా మూడో ఏటి గౌనుకి సగం కాగితం. నాలుగు, ఐదు, ఆరు, అన్నీ సగాలే. ఏడో ఏటి కట్టలో రెండు ముక్కలున్నాయి. ఒకదాని మీద "కుడి" అనీ ఇంకోదాని మీద "ఎడమ" అనీ రాసి ఉంది. ఎనిమిదిలో రెండు. తొమ్మిదిలో రెండు. అక్కణ్ణించి చివరిదాకా ప్రతి కట్టలోనూ రెండేసి.

ఏడో ఏటి ముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకి పట్టుకున్నాను. మెడ దగ్గర కుడి ముక్క వెంట్రుకవాసి తక్కువ. పదో ఏటికి టేపు మీద ఒక గీతంత. పదహారో ఏటికి రెండు గీతలు. రెండు గీతలంటే పావంగుళం. నా చొక్కాల మెడలన్నీ, గుండీల పట్టీతో సహా, పావంగుళం కుడికి జరిగి ఉన్నాయి. నా గడ్డం ఎటుంటే అటు.

టేపు తిప్పి వెనకవైపు చూశాను. పావంగుళమంటే ఆరు మిల్లీమీటర్ల పైన. డాక్టరిచ్చిన ప్లాను కాగితం నా సంచిలోనే ఉంది. అందులో "గడ్డం ఎడమకి ఆరున్నర" అని ఉంటుంది. మూడు స్కాన్లు, రెండేళ్ళ రాకపోకలు అయ్యాక వాళ్ళకి దొరికిన సంఖ్య మా అటక మీద దుమ్ము పట్టి ఉంది.

"మాస్టారూ, దారం అయిపోయింది, తెచ్చుకొస్తా," అని గుండీల పిన్ని లేచింది. ఆమె ముందు నిండు దారపుండ ఉంది. దాన్ని చూశాను, ఆమెను చూశాను. చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వెళ్ళిపోయింది. ఊళ్ళో ఎవరింట్లో పాలు పొంగినా సాయంత్రానికి చాటే మనిషి, ఏదో ఒకటి ముప్పై ఏళ్ళుగా కడుపులో పెట్టుకుని తిరుగుతోందని అప్పుడు తెలిసింది.

నాన్న తేలు కుట్టిన దొంగలా ఇస్త్రీ చేసిన చొక్కానే మళ్ళీ ఇస్త్రీ చేస్తున్నాడు.

నేను అరవలేదు. అరిచేంత నోరు నాకు తెరుచుకోదు, అది వేరే సంగతి. మెడలోంచి టేపు తీసి ఆయనకిచ్చాను.

"కొలత తియ్యి నాన్నా."

"నాకు అంకెలు కనబడవమ్మా."

"చేత్తో తియ్యి. నేను చదువుతా."

ఎదురుగా నిలబడ్డాను. ఆయన టేపు నా మెడ చుట్టూ వేశాడు. బొటనవేలు గొంతు గుంట దగ్గర ఆగింది. అసలైన మధ్య అదే, ఏ మనిషికైనా కొలత మొదలయ్యేది అక్కడే. ఒక్క క్షణం ఆగి, ఆ వేలు దానంతటది కుడికి జరిగింది. కళ్ళు కనబడని మనిషి వేలు సరిగ్గా రెండు గీతలు జరిగి నిలబడింది.

"ఎందుకు జరిపావు?" అన్నాను.

వేలు తియ్యలేదు ఆయన. గోళ్ళ సందుల్లో సుద్ద వాసన ఇంకా పోలేదు. ఈ వేలే నా మెడ కొలిచి పదమూడేళ్ళప్పుడు "పెద్దదానివయ్యావే" అంది. ఆ క్షణంలో ఆయనంటే నాకెంత ఇష్టమో స్పష్టంగా తెలిసింది. ఈ వారం మొత్తం మీద నాకు స్పష్టంగా తెలిసింది అదొక్కటే.

"ఎప్పుడు పడ్డాను నాన్నా?"

టేపు తీసి వేళ్ళకి చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

"ఆరో పుట్టినరోజుకి ముందు," అన్నాడు. "ఆ గౌను కొలతలు అప్పటికే తీసి ఉంచా."

"ఎక్కణ్ణించి?"

చెయ్యి చాచి కటింగ్ బల్ల అంచు తడిమాడు. నేను రోజూ పొద్దుట్నించి సాయంత్రం దాకా నిలబడే బల్ల.

"నేను బట్టలు ఇచ్చి రావడానికి వెళ్ళా. మీ అమ్మ పెరట్లో ఉంది. చెల్లిని చూసుకోమని అక్కకి చెప్పి వెళ్ళా. నువ్వు బల్ల మీద కూర్చుని సుద్దతో గీతలు గీస్తున్నావు. తిరిగొచ్చేసరికి నేల మీదున్నావు. గడ్డం కింద చీలిపోయింది. అక్క గోడకి అంటుకుపోయి నిలబడింది. 'పడింది నాన్నా' అంది. అంతే. మళ్ళీ నెల రోజులు ఒక్క మాట మాట్లాడలేదు అది."

"పిల్లి గీరిందన్నారు."

"అవును."

మా ఇంట్లో పిల్లి ఎప్పుడూ లేదు. ఈ సంగతి ఇన్నేళ్ళలో నాకు ఒక్కసారీ తట్టలేదు.

"డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళావా?"

"చెప్పుల్లేకుండా పరిగెత్తా. మూడు కుట్లు వేశాడు. ఎంత బాగా వేశాడనుకున్నావ్! దగ్గర దగ్గరగా, సమంగా, నాక్కూడా అలా రాదు. వారం తర్వాత తీసుకురమ్మన్నాడు. నోరు సరిగ్గా తెరవట్లేదు, ఎక్స్‌రే తీద్దామన్నాడు."

"తీసుకెళ్ళావా?"

ఆయన టేపు చుట్ట విప్పి మళ్ళీ చుట్టాడు.

"బళ్ళు తెరిచే రోజులమ్మా. నాలుగొందల జతల యూనిఫారాలు. రాత్రీ పగలూ మిషన్ల మీదే ఉన్నాం. వారానికి ఆ కుట్లు నేనే విప్పా, మన చిన్న కత్తెరతో. బాగా మానింది. కుట్టు బాగుంటే బట్ట బాగున్నట్టే అనుకున్నా."

బయట ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది. ఖాతాదారేమోనని ఇద్దరం గుమ్మం వైపు చూశాం. ఎవరూ రాలేదు.

"మరి ఇవి?" అన్నాను, కాగితాలు చూపించి. ఆయనకి కనబడవని గుర్తొచ్చి ఏడో ఏటి ముక్కలు రెండూ చేతిలో పెట్టాను. అంచుల వెంట వేళ్ళు నడిపాడు.

"ఆరో పుట్టినరోజు గౌను తొడిగి చూస్తే కాలరు ఓ పక్కకి పోయినట్టుంది. నా చెయ్యి తప్పిందనుకున్నా. ఏడో ఏడు సరిచేసి గీశా. ఎనిమిదో ఏట మళ్ళీ పోయింది. అప్పుడు తెలిసింది, తప్పు కాలరుది కాదని."

"తెలిసి ఏం చేశావు?"

"కాలరే సరిచేశా."

నేను ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను కాబట్టి ఆ మాట నాకు అర్థమైంది. అర్థం కాకపోతే బాగుండేది. ఒకరికి ఒక భుజం దిగి ఉంటుంది, ఇంకొకరికి వీపు వంగి ఉంటుంది. మీ భుజం వంకరండీ అని మేము చెప్పం. తప్పు బట్టదే అన్నట్టు లోపల ఇంత దూదో గుడ్డో పెట్టి సరిచేసి ఇస్తాం, వాళ్ళు అద్దంలో చూసుకుని సంతోషంగా వెళ్ళిపోతారు. ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం అది. నా విషయంలో ఎంత బాగా సరిచేశాడంటే, వీధిలో ఎవరికీ తెలియలేదు, బళ్ళో ఎవరూ వెక్కిరించలేదు, చివరికి ఆయనక్కూడా కనబడటం మానేసింది. నోరు తెరుచుకోకపోవడం, నమలలేకపోవడం, చెవి ముందు నొప్పి, ఇవి కాలరుకి అందవు కాబట్టి అలా ఉండిపోయాయి.

"పుట్టుకతో అని ఎవరన్నారు మొదట?"

"మీ అమ్మ." అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గింది. "అక్క తిండి మానేసింది, మాట మానేసింది. పదకొండేళ్ళ పిల్ల. చూసుకోమంటే చూసుకోలేదని అది కుమిలిపోతే ఒకరికి ఇద్దరు పాడవుతారు, ఇంట్లో ఇక ఎవరూ పడిందనే మాట ఎత్తొద్దు అంది. పుట్టుకతో వచ్చిందంటే ఎవరి తప్పూ కాదుగా. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందనేది మీ అమ్మ. గుండీల పిన్ని చేత కూడా ఒట్టేయించుకుంది."

"శనివారం నేనడిగాను కదా నాన్నా. డాక్టరు తెలుసుకోమన్నాడు, ఆపరేషను ఆగిపోతుంది అని చెప్పి మరీ అడిగాను. అప్పుడూ పుట్టుకతోనే అన్నావు."

"అన్నాను."

"ఎందుకు?"

కాగితం అంచు మీద బొటనవేలు ఒకసారి నడిపాడు. "అలవాటైపోయిందమ్మా," అన్నాడు. "వేలు జరిగినట్టే."

నాకు కోపం రావాల్సిన చోటు ఇదేనని తెలుసు. రాలేదు. గడియారం చూశాను, నాలుగుకి పది నిమిషాలుంది. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాటకి నేనే ఆశ్చర్యపోయాను.

"గురువారం తర్వాత నా గడ్డం మధ్యకి వస్తుంది నాన్నా. నువ్వు కుట్టిన చొక్కాలన్నీ నాకు వంకరైపోతాయి."

"ఎన్నున్నాయి?"

"ఇరవై పైనే."

ఆయన చేతిలోని కాగితం ముక్కలు మడిచి బల్ల మీద పెట్టాడు. "విప్పుదాం," అన్నాడు. "కోయడానికి కళ్ళు కావాలి గానీ విప్పడానికి వేళ్ళు చాలు. నువ్వు ఆసుపత్రి నుంచి వచ్చేలోగా అన్నీ విప్పి ఉంచుతా. ఇప్పుడు ముందు ఫోన్ చెయ్యి. పడిందని చెప్పు. ఎక్స్‌రేకి తీసుకురమ్మంటే తండ్రి తీసుకురాలేదని కూడా రాయించు."

ఫోన్ చెంపకి ఆనించుకుంటే నాకు నొప్పి కాబట్టి స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచుతాను. ఆసుపత్రిలో ఫైళ్ళు చూసే అమ్మాయి ఎత్తింది. ఎప్పుడూ ఏదో నములుతూ మాట్లాడుతుంది, నాలాంటివాళ్ళందరూ రోజూ ఫోన్లు చేసే చోట ఆ అమ్మాయికి ఆ ధైర్యం ఎలా వచ్చిందో.

"తెలిసింది," అన్నాను. "ఐదేళ్ళప్పుడు పడ్డాను. గడ్డం కింద మూడు కుట్లు. తర్వాత నోరు సరిగ్గా తెరుచుకోలేదట."

"అమ్మయ్య," అంది. నిజంగా సంతోషించింది. "సర్ దీనికోసమే చూస్తున్నారు. అయితే పాత దెబ్బే మేడమ్, గురువారం ఖాయమనే అంటారు. ఉండండి, ఫారం తీస్తా. ఎక్కణ్ణించి పడ్డారు?"

"బల్ల మీంచి."

"ఎత్తు?"

"మూడడుగులు."

"ఎవరైనా దగ్గరుండి చూశారా? చూసినవాళ్ళ మాట కూడా రాయమన్నారు సర్, ఏ వైపుకి పడ్డారో తెలుస్తుందని."

"దాని అక్క చూసింది," అన్నాడు నాన్న, ఫోన్ వైపు వంగి, గట్టిగా. చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడతాడు ఫోన్లో. "మా పెద్దమ్మాయి. ఎదురుగానే ఉంది. ఇది పడటం అదే చూసింది."

గుమ్మంలో వెలుతురు తగ్గింది. అక్క నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు, చప్పుడైన ఆ సైకిలు తనదే. వెనకాల గుండీల పిన్ని, దారమేమీ కొనకుండానే వచ్చి, ఖాళీ చేతులు చీరకి తుడుచుకుంటోంది. అక్క చేతిలో కొత్త సిరంజి ఉంది. గొట్టం కూడా తగిలించి తెచ్చింది. లెక్కల టీచరు కదా, ఏదైనా ముందే కూర్చి తీసుకొస్తుంది.

తను బల్ల మీద పరిచిన కాగితాలు చూసింది. ఒక్కోటీ వరసగా, మూడో ఏటి నుంచి మొదలుపెట్టి చూసింది. నా ముఖం చూడలేదు.

"రా అక్కా," అన్నాను. "ఏం ఫర్వాలేదు. నాన్న చెప్పేశాడు. నువ్వప్పుడు చిన్నపిల్లవి. నేను పడితే నీ తప్పేముంది?"

"నువ్వు పడలేదే," అంది అక్క.

నాన్న తల తిప్పాడు. ఆమె ఎటుందో సరిగ్గా తెలియక తలుపు పక్కన గోడ వైపు చూశాడు. ముప్పై ఏళ్ళ కిందట ఆమె అంటుకుపోయి నిలబడిన గోడ అదే.

"పడిందని నువ్వే కదమ్మా చెప్పావు."

"చెప్పాను నాన్నా." బళ్ళో జవాబు చెప్పే పిల్లలా నిటారుగా నిలబడింది. "తోశాను. కావాలనే తోశాను."

గుండీల పిన్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమెకి తెలిసిన రహస్యం ఇది కాదు.

నా కింది పెదవి వణుకుతోందని తెలిసింది. సోమవారం నర్సు సూదితో గుచ్చినప్పుడు కూడా ఇంత తెలియలేదు. అక్క చేతిలోని సిరంజి వైపు చూశాను. గురువారం తర్వాత ఆరు వారాలు నాకు తిండి పట్టాల్సింది ఆ చెయ్యి. తోసింది కూడా అదే.

బల్ల మీద ఫోన్ వెలుగుతూనే ఉంది.

"హలో? మేడమ్, మధ్యలో సరిగ్గా వినబడలేదు," అంది ఫైళ్ళమ్మాయి నములుతూ. "చూసినవాళ్ళు ఏమన్నారు? పడ్డారనే రాసెయ్యనా?"